శవ పంచనామా మీద మన సంతకం

(దళిత విద్యార్థుల శిక్షణ తరగతుల్లో ఫోరెన్సిక్ ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన ఒక సోదరి చేసిన ప్రసంగం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం "నేరశాస్త్రం చదివితే ఏం లాభం?" అని. లాభం సంగతి తర్వాత చెబుతాను. ముందు మా నాయన సంగతి చెప్పాలి. ఎందుకంటే నేను ఈ చదువులోకి పుస్తకం చూసి రాలేదు. మా నాయన చేతులు చూసి వచ్చాను.

మా నాయన ఒక ప్రభుత్వాసుపత్రి మార్చురీలో తోటీ. పొట్ట కోసేది ఆయన. పుర్రె తెరిచేది ఆయన. కుట్టి, కడిగి, చాపలో చుట్టి ఇచ్చేది ఆయన. డాక్టరు గుమ్మం దగ్గర ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడి, "ఏరా, ఏముందిరా లోపల?" అని అడిగి రాసుకునేవాడు. అన్నం క్యారేజీ తీసుకుపోయినప్పుడు ఈ కళ్లతో చూశాను. నాయన చెప్పింది రాసిన రోజులున్నాయి, రాయని రోజులూ ఉన్నాయి. ఒకసారి చెరువులో దొరికిన ఒక కూలీ పిల్ల శవం వచ్చింది. "ఈ పిల్ల నీళ్లు మింగి చావలేదయ్యా, చచ్చాకే నీళ్లలో పడింది. మెడ మీద వేళ్ల గుర్తులు చూడండి" అన్నాడంట నాయన. రిపోర్టులో మాత్రం నీట మునిగి చనిపోయిందనే వచ్చింది. ఆ రాత్రి నాయన అన్నం ముట్టలేదు. "కోసేది మనం, రాసేది వాళ్లు" అన్నాడు. ఆయనకి సంతకం రాదు. జీతం రిజిస్టర్లో వేలిముద్రే.

ఊళ్లల్లో కూడా ఇదే కదా కథ. శవం దొరికితే పోలీసులు వచ్చేదాకా రాత్రంతా కాపలా కాసేదెవరు? వెట్టివాడు. బావిలోంచి తీసేదెవరు, బండికెత్తి ఆసుపత్రికి తోలుకెళ్లేదెవరు? మనవాళ్లే. మరి శవ పంచనామాలో మధ్యవర్తులుగా సంతకాలు పెట్టేదెవరు? ఊరి పెద్దలు. ఒక్కోసారి చంపినవాడి బావమరిది కూడా ఆ పెద్దల్లోనే ఉంటాడు. నేరం జరిగిన చోట మనకి మూడు స్థానాలే ఇచ్చింది ఈ సమాజం. శవంగా ఉండాలి, శవాన్ని మోసేవాడిగా ఉండాలి, లేకపోతే ముద్దాయిగా ఉండాలి. చూసి, కొలిచి, రాసి, సంతకం పెట్టే నాలుగో స్థానం వాళ్లది. నేను మాట్లాడేది ఆ నాలుగో స్థానం గురించి.

రెండు చదువులున్నాయి, కలిపేసుకోవద్దు. ఈ నేరం ఎలా జరిగింది, ఎవరు చేశారు, ఆధారం ఏమిటి అని రక్తంలో, విషంలో, వేలిముద్రలో వెతికేది ఫోరెన్సిక్ సైన్స్. అసలు నేరం అని దేన్ని అంటున్నారు, ఎవర్ని నేరస్తుడంటున్నారు, ఎందుకంటున్నారు, శిక్ష ఎవరి మీద పడుతోంది అని అడిగేది నేరశాస్త్రం. మనకి రెండూ కావాలి.

నేరశాస్త్రం మొదట్లో మన పక్షాన పుట్టలేదు, ఆ మాట దాచక్కర్లేదు. ఇటలీలో లాంబ్రోసో అనే డాక్టరు పుర్రెలు, దవడలు కొలిచి, కొందరు పుట్టుకతోనే నేరస్తులని 1876లో పుస్తకం రాశాడు. మన దేశంలో అంతకు అయిదేళ్ల ముందే, 1871లోనే, తెగలకి తెగల్ని నేరస్తులుగా ముద్రవేసే చట్టం తెచ్చారు తెల్లదొరలు. పుట్టుకని బట్టి మనిషిని తూచడం ఇక్కడ కొత్తేమీ కాదు. కులం ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. 1911 సవరణ తర్వాత ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి ముక్తిఫౌజు వాళ్ల అజమాయిషీ కింద పెట్టారు. 1952లో చట్టం పోయింది. ముద్ర పోయిందా? ఈ రోజుకీ ఆ ఊరి పేరు చెబితే జనం జేబులు తడుముకుంటారు. ఒక శాస్త్రం అబద్ధం చెబితే ఎన్ని తరాలు మోయాలో చూడండి.

ఇంకో సంగతి. వేలిముద్రల్ని వర్గీకరించే పద్ధతిని ప్రపంచమంతా 'హెన్రీ పద్ధతి' అంటుంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టినప్పుడు ఆ లెక్క కట్టడంలో చెమటోడ్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. పని ఒకరిది, సంతకం ఇంకొకరిది. మా నాయన మార్చురీలో చూసిందీ అదే.

అయితే చూసే కన్ను మారితే శాస్త్రమూ మారుతుంది. 1939లో అమెరికాలో సదర్లాండ్ అనే ప్రొఫెసర్ ఒక మాటన్నాడు: నేరాలు పేదలే చేస్తారనుకుంటున్నారు, పెద్ద కంపెనీల్లో, పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు చేసేవి మీ లెక్కల్లోకే రావడం లేదు. వైట్ కాలర్ నేరం అనే పేరు అక్కణ్నుంచే వచ్చింది. అలాగే కులం చేసే నేరాల్ని లెక్కలోకి తెచ్చే పని ఎవరిది? మనదే.

చుండూరు గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్లోకే తెచ్చుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు చనిపోయారు, ఎక్కడ చనిపోయారు, ఎవరిని ఎవరు కొట్టారు అన్నది ప్రాసిక్యూషన్ నిరూపించలేదంది. ఎప్పుడు, ఎక్కడ అనేవి ఉద్యమం సభలో తేలేవి కావు తమ్ముడూ. మొదటి రోజు శవం పక్కన కూర్చున్నవాడు రాయాల్సినవి. శవం ఎంత బిగుసుకుంది, పురుగు ఏ దశలో ఉంది అన్నదాన్ని బట్టి సమయం అంచనా కడతారు. ప్రాణంతో ఉండగా మునిగినవాడి ఎముక మజ్జలోకి నీళ్లలోని సూక్ష్మమైన నాచుకణాలు చేరతాయి, చచ్చాక పడేసినవాడి మజ్జలోకి మామూలుగా చేరవు. మా నాయన కంటితో చెప్పింది ప్రయోగశాల ఇలా పరీక్షిస్తుంది. కానీ మొదటి రోజు ఎవరూ ఎత్తిపెట్టని ఆధారాన్ని పదహారేళ్ల తర్వాత ఏ లాయరూ పుట్టించలేడు.

అలాగని సైన్సు ఒక్కటే న్యాయం తెచ్చిపెడుతుందని నేననను. చూసిన సాక్షుల్నే నమ్మని కోర్టుకి సూక్ష్మదర్శిని ఏం చేస్తుంది? ఉద్యమం ఉండాలి. ఉద్యమం చేతికి ఆధారం ఉండాలి.

లెక్కల సంగతి చూడండి. 2022లో షెడ్యూల్డ్ కులాల మీద జరిగిన నేరాలు 57,582 అని జాతీయ నేర రికార్డుల బ్యూరో రాసింది. అవి స్టేషన్లో నమోదైనవి మాత్రమే. పైగా ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అందులో పెద్దదాన్నే లెక్కేస్తారు. కాయితం మీదకి రాని వెలి, ఎక్కకుండా వెనక్కి పంపిన ఫిర్యాదు ఎవరు లెక్కేస్తారు? పేట పేటకీ తిరిగి లెక్కేసేవాడే అసలైన నేరశాస్త్రవేత్త.

జైళ్లూ అంతే. 2022 చివర్లో దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నేరం రుజువు కాకుండానే లోపల ఉన్నారు. సుకన్య శాంత అనే జర్నలిస్టు రాష్ట్రాల జైలు మాన్యువళ్లు వెతికి, ఊడ్చే పని ఒక కులానికి, వంట పని ఇంకో కులానికి రాసిపెట్టిన సంగతి బయటపెట్టింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనల్ని కొట్టేసింది. అందరి ముందూ ఉన్న పుస్తకాలే అవి. మన కన్నుతో చదివితే గానీ నేరం కనపడలేదు.

ఇక దారి. సైన్సు గ్రూపు పిల్లలు డిగ్రీలో కెమిస్ట్రీ, జువాలజీ, ఫిజిక్స్ లాంటివి చదివి ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్సుకి పోవచ్చు. ఉస్మానియాలో ఉంది. గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సుల విశ్వవిద్యాలయం ఉంది. ఆర్ట్స్ పిల్లలకి మద్రాసు, సాగర్ యూనివర్సిటీల్లో, ముంబాయి టాటా సంస్థలో నేరశాస్త్రం ఉంది. యూజీసీ నెట్‌లో రెండూ సబ్జెక్టులే. ప్రయోగశాల సైంటిఫిక్ అసిస్టెంట్, వేలిముద్రల నిపుణుడు, ప్రొబేషన్ అధికారి, లా చదివితే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఇవన్నీ ఈ దారిలోవే. 2024 జూలై 1న వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం ఏడేళ్లు, ఆపై శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి పోయి తీరాలి. అమలుకి రాష్ట్రాలకి అయిదేళ్ల దాకా గడువిచ్చారు. అంటే మనుషులు కావాలి. ఆ మనుషులు ఎవరై ఉండాలి?

ఉద్యమంలో తిరిగిన పిల్లల మీద కౌంటరు కేసులుంటాయి. ఉద్యోగం దరఖాస్తులో దాచకండి. కేసు కంటే దాపరికమే ఎక్కువ చేటు చేస్తుంది. మంచి లాయర్ని అడిగి నింపండి.

నేను ప్రయోగశాలలో చేరిన మొదటి వారం ఒక పెద్దాయన నవ్వుతూ, "మీవాళ్లకి శవాలు అలవాటేగా" అన్నాడు. "అలవాటే సార్. ఇన్నాళ్లూ కోయడం అలవాటు. ఇప్పుడు రాయడం అలవాటు చేసుకుంటున్నాం" అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో నవ్వలేదు.

ఆఖరికి ఒక కష్టమైన మాట. రేపు మీరు ఆ కుర్చీలో కూర్చుంటే, మన పేట నుంచే ఎవరో వచ్చి, "అమ్మా, మనోడి కేసు, కాస్త చూసి రాయి" అంటారు. నా దగ్గరకీ వచ్చారు. మా మేనత్త కొడుకు కోసం. నేను రాయలేదు. రెండేళ్లు మా ఇంటి గడప తొక్కలేదు మేనత్త. కానీ నేను ఒక్క అబద్ధం రాస్తే, మనవాళ్లు చెప్పే నిజాలన్నీ అబద్ధమనడానికి వాళ్లకి ఒక కాయితం దొరుకుతుంది.

నా సంతకంతో మొదటి రిపోర్టు పోయిన రోజు నాయనకి చెప్పాను. కేసేమిటో అడగలేదు. "చూసింది చూసినట్టు రాశావా?" అన్నాడు. రాశానన్నాను. "అయితే సరే" అన్నాడు.

మీరూ రాయండి. జై భీమ్.