ముందు ఒప్పుకోలు, తరువాతే సయోధ్య



మనం కూర్చున్నది అరకు లోయలో. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, కోందు, పోర్జ, గదబ జనం తరతరాలుగా సాగు చేసుకుంటూ, కొండదేవతలకు పండగలు చేసుకుంటూ బతికిన నేల ఇది. మైదానం నుంచి వచ్చిన అతిథిగా ముందు ఆ సంగతి చెప్పడం నా ధర్మం. కెనడా, ఆస్ట్రేలియాల్లో ఎన్నో సభలు ఇలాగే మొదలవుతాయి. మంచి ఆచారమే. అయితే ఆదివాసులకు మనం పడ్డ బాకీ మాటతో తీరదు.

మన దగ్గర ఆ ఒప్పుకోలు చట్టానికే ఎక్కింది. అడవిని నమ్ముకున్నవారికి చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో తాతలనాటి అడవి సర్కారు గుప్పిట్లోకి పోయింది, పోడు సాగు మీద ఆంక్షలు పడ్డాయి. 1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొరల వెంట మన్యం ఊరికే తిరగబడలేదు.

హక్కును నిలబెట్టిన కథా ఇక్కడిదే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిస్తే, గిరిజనుల పక్షాన ‘సమత’ సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి దక్కకూడదన్న 1/70 చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుందని తేల్చింది.

ఇవాళ డిగ్రీలు అందుకుంటున్న మీలో కొందరు రేపు తహసీల్దార్లు, ఇంజినీర్లు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులు అవుతారు. గనికో, రిసార్టుకో భూమి కావాలంటూ ఒక ఫైలు మీ బల్ల మీదికి వస్తుంది. సంతకం పెట్టేముందు అడగండి: గ్రామసభ నిజంగా జరిగిందా? కువి, ఆదివాసీ ఒడియా తప్ప మరో భాష రాని ముసలమ్మకు విషయం అర్థమైందా? ఆమె వద్దంటే తీర్మానంలో ఆ మాట రాశారా? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు సంప్రదింపు తప్పదని, గిరిజన ప్రాంతాలకు పంచాయతీ పాలనను విస్తరించిన 1996 పీసా చట్టం చెబుతోంది. దాన్ని వేలిముద్రల తంతుగా మార్చేదీ, నిజం చేసేదీ మీలాంటి ఉద్యోగులే.

ఈ కొండల్లో పుట్టి చదువుకున్న బిడ్డలారా, బాకీ పడ్డది మీరు కాదు. మీ ఊరి అటవీ హక్కు దరఖాస్తు ఏ మెట్టు దగ్గర ఆగిందో అడగగల చదువు ఇప్పుడు మీకుంది. అడగండి.

మైదానం నుంచి వచ్చిన బిడ్డలారా, వాళ్లు అడిగినప్పుడు జవాబు చెప్పే కుర్చీలో మీరు ఉండొచ్చు. విసుక్కోకండి, దాచకండి, వాయిదా వేయకండి. సయోధ్య అక్కడే మొదలవుతుంది.