తొడల మీద గుంటలు, కాలి మీద ఎరుపు: పేరు దగ్గరదే, సంగతి వేరు

హుఫూఫ్ నుంచి మాట్లాడుతున్నాను. ఆడియో వినే తీరిక దొరకనివాళ్ల కోసం ఈ వారం మాటలన్నీ ఇక్కడ రాసి పెట్టాం. ఆడవాళ్ల సంగతి కదా అని అన్నలు దాటేసి పోవద్దు, వెనక సగం మీదే.

కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్న చెల్లెలు వాట్సాప్‌లో వాయిస్ పెట్టింది. "అక్కా, తొడల వెనకాల గుంటలు గుంటలుగా పడుతోంది. ఫోన్లో చూస్తే సెల్యులైట్ అంట, కొవ్వులో విషం పేరుకుపోతే వస్తుందంట. క్రీమూ, సన్నబడే టీ కలిపి 240 రియాళ్లు చెప్తున్నారు. తీసుకోనా?"

వద్దమ్మా. ఆ డబ్బు ఇంటికి పంపుకో. ఎందుకు వద్దంటున్నానో చెప్తా.

దూది పరుపు కుట్టడం చూసే ఉంటారు. దారంతో అక్కడక్కడ బిగించి ముడేస్తారు. ముడి పడినచోట గుంట, ముడికీ ముడికీ మధ్య దూది ఉబ్బు. మన తొడల్లోనూ అంతే. చర్మం కింద కొవ్వు చిన్న చిన్న గదుల్లో ఉంటుంది. ఆ గదుల మధ్య నుంచి గట్టి పీచులు చర్మాన్ని కింది కండ మీదున్న పొరకి లాగి కట్టి ఉంచుతాయి. కొవ్వు పైకి ఉబ్బుతుంది, పీచు కిందికి లాగుతుంది. ఆ లాగిన చోటే గుంట. విషం లేదు, చెడు రక్తం లేదు.

మరి మగవాళ్లకి ఎందుకు తక్కువ? 1978లో జర్మనీలో న్యూర్న్‌బర్గర్, ముల్లర్ అనే ఇద్దరు ఈ తేడాని రాశారు. ఆడవాళ్లలో ఎక్కువ పీచులు నిటారుగా నిలబడి ఉంటాయి, వాటి సందుల్లోంచి కొవ్వు తేలిగ్గా పైకి పొడుచుకొస్తుంది. మగవాళ్లలో నులక మంచం అల్లికలా ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి, చర్మం కూడా మందం. అందుకే వాళ్లకి కనపడదు. పెద్దమనిషి అయ్యాక ఈస్ట్రోజన్ హార్మోను పెరుగుతుంది, తొడలకీ పిరుదులకీ కొవ్వు చేరుతుంది, అప్పట్నుంచి ఇది మొదలు. వయసొచ్చిన ఆడవాళ్లలో నూటికి 80 నుంచి 90 మందికి ఎంతో కొంత ఉంటుందని లెక్క. అమ్మకి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. లావైతే బాగా కనపడుతుంది, కానీ సన్నగా ఉన్నవాళ్లకీ ఉంటుంది. వయసు మీదపడి చర్మం పలచబడితే ఇంకాస్త తేలుతుంది.

ఫ్రాన్సులో ఈ మాట ముందే ఉంది. అమెరికాలో 1968లో వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక దాన్ని ఇంటింటికీ తెచ్చింది. గుంటలు అంతకుముందు లేవా? ఉన్నాయి. పేరు పెట్టాక అమ్మకం మొదలైంది, నా ఉద్దేశం అదీ.

క్రీము రాస్తే చర్మం కాసేపు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, మానేస్తే మళ్లీ మామూలే. మర్దనా అంతే. క్లినిక్కుల్లో సూదితో లోపలి పీచు కోసే పద్ధతి ఉంది, కొందరికి పనిచేస్తుంది, కానీ ఖరీదు మన జీతాలకి అందేది కాదు. కొవ్వు లాగేసే ఆపరేషన్‌తో గుంటలు పోవు, ఒక్కోసారి ఇంకా ఎగుడుదిగుడు అవుతాయి. నడక, బరువు అదుపు కొంచెం తగ్గిస్తాయి, పూర్తిగా తీసెయ్యవు.

క్రీముతో డబ్బే పోతుంది. నా భయమంతా ఆ టీ గురించి. సన్నబడే టీల్లో చాలావాటిలో సునాముఖి లాంటి విరేచనాల మందు ఉంటుంది. తగ్గేది ఒంట్లో నీరు, కొవ్వు కాదు. జూలైలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండలో విరేచనాలైతే కళ్లు తిరిగి పడిపోతారు. కొన్ని మాత్రల్లో, పొడుల్లో సిబుట్రమైన్ అనే మందు చెప్పకుండా కలిపి దొరికిన సందర్భాలున్నాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుందని 2010లో అమెరికాలో, యూరప్‌లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఎవరో పార్శిల్‌లో పంపిన పేరులేని పొడి నోట్లో వేసుకోకండి.

ఇప్పుడు రెండోది. ఇదీ ఆ పేరుకి దగ్గరగానే ఉంటుంది: సెల్యులైటిస్. ఫోన్లో వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి, అదే ప్రమాదం. ఇది చర్మం కిందికి క్రిములు పోయి వచ్చే జబ్బు. ఎక్కువగా ఒక కాలికే వస్తుంది. ఎర్రబడుతుంది, వాస్తుంది, ముట్టుకుంటే వేడి, నొప్పి, చలిజ్వరం. మన ఛామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియకపోవచ్చు, అందుకే చేత్తో ముట్టి చూడండి, రెండో కాలికంటే వేడిగా ఉందా అని. సెల్యులైట్ గుంటలు నొప్పి పెట్టవు, వేడెక్కవు, జ్వరం తేవు.

క్రిములు లోపలికి పోవడానికి చిన్న సందు చాలు. రోజంతా తడి బాత్రూములు కడిగే చెల్లెళ్లకి కాలివేళ్ల సందుల్లో పాసి చర్మం చిట్లుతుంది, అక్కడినుంచి. అల్ అహ్సాలో 25 లక్షల ఖర్జూర చెట్లున్నాయి, 2018లో యునెస్కో ఈ ఒయాసిస్సుని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఆ తోటల్లో పనిచేసే అన్నలకి మట్టల మొదట్లో ఉండే ముల్లు గుచ్చుకుంటుంది, లాగి పారేసి పని చేసుకుంటారు. షుగర్ ఉంటే గుచ్చుకున్న సంగతే తెలియకపోవచ్చు. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎప్పట్నుంచో ఉంది. ఆ వాపు ఉన్న కాలికి ఈ జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది. అలాంటివాళ్లు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య పొడిగా తుడుచుకోవాలి.

అనుమానం వస్తే ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసుకోండి, టైము రాసుకోండి. గీత దాటి పాకుతుంటే ఆగొద్దు. నూనె పెట్టి రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు. ఊరి నుంచి తెచ్చుకున్న పాత మాత్రలు రెండు మింగి ఊరుకోవద్దు. డాక్టరు చీటీ లేకుండా ఇక్కడి సైదలియాలో యాంటీబయాటిక్ ఇవ్వకూడదు, కాబట్టి ఆస్పత్రికి పోవాల్సిందే. రాసిచ్చిన రోజులన్నీ మందు వాడాలి, వాపు తగ్గిందని మధ్యలో ఆపొద్దు. జ్వరం, వణుకు, తికమక మాటలు, నల్లబడ్డ చర్మం, బొబ్బలు ఉంటే అది అంబులెన్సు పని, 997. పోవాలా వద్దా తెలియకపోతే ఆరోగ్య శాఖ నంబరు 937కి చేయండి.

ఇంకోటి. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో కూడా చూడాలి. అదీ అదే రోజు చూపించుకోవాల్సిందే.

పంపనంటే మేడమ్‌కి గానీ కఫీల్‌కి గానీ కాలు చూపించి ఇలా చెప్పండి: "రిజ్లీ వారిమా, ఫీ హరారా, అబ్గా ముస్తష్ఫా." కాలు వాచింది, జ్వరం ఉంది, ఆస్పత్రికి పోవాలి అని. ఈ మూడు ముక్కలు రాసి ఫోన్ వెనక అంటించుకోండి.