థైరాయిడ్ మాత్రలు - రాలే జుట్టు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పుకునేవాళ్లము. అయినా ఈ విషయం మీద మాట్లాడటానికి సాహసిస్తున్నామంటే, కారణం మా ఇంట్లో జరిగిన సంగతే.

మా ఇంటావిడకు థైరాయిడ్ గ్రంథి మందగించిందని రక్తపరీక్షలో తేలింది. రోజూ పరగడుపున ఒక థైరాక్సిన్ మాత్ర వేసుకోమన్నారు. మొదలుపెట్టిన రెండో నెలలో జుట్టు రాలడం ఎక్కువైంది. దువ్వెనకు ఉండలు ఉండలుగా వచ్చేది. "ఆ మాత్రే నీ జుట్టు తినేస్తోంది బేటీ" అన్నారు అమ్మీ. ఇరుగుపొరుగు ఆడవాళ్లదీ అదే మాట. ఆవిడ మాతో చెప్పకుండానే మాత్ర మానేసింది. మూడు నెలలు తిరక్కుండా ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, పట్టపగలే నిద్ర. మేము దాన్ని బద్ధకమనుకుని విసుక్కున్నాం కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అప్పుడు డాక్టరుగారు విడమరిచి చెప్పారు. జుట్టు రాల్చింది చాలావరకు జబ్బే గాని మాత్ర కాదు. మన తల మీది వెంట్రుకల్లో ఎక్కువ భాగం పెరుగుతూ ఉంటాయి, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. గ్రంథి మందగిస్తే ఎన్నో వెంట్రుకలు ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయి. పోయినవి వెంటనే రాలవు, రెండు మూడు నెలలకు రాలతాయి. మార్చిలో రాసిన పరీక్షకు మే నెలలో ఫలితం వచ్చినట్లన్నమాట. ఫలితం చదివి వినిపించిన మాస్టారును తిట్టి ఏం లాభం?

మోతాదు మరీ ఎక్కువైనా జుట్టు రాలుతుంది, అదీ నిజమే. అందుకే మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించాలి. ఒంట్లో ఇనుము తగ్గినా, కాన్పు తరువాతా, పెద్ద జ్వరం తగిలినా రాలుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు పోవడం అందరికీ మామూలే. రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా ఊడితే మాత్రం చర్మ వైద్యుడికి చూపించాలి. జుట్టు కోసమని బయోటిన్ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి ఆపాలి. లేకపోతే పరీక్ష లెక్క తప్పు చూపించవచ్చు.

మా ఇంట్లో ఇంకో పొరపాటూ జరిగింది. మాత్ర వెనకాలే చాయ్! చాయ్ పడనిదే మన ఇళ్లలో తెల్లవారదు కదా. మాత్ర నీళ్లతో మింగి అరగంట నుంచి గంట వరకు ఆగాలి. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. రంజాన్ నెలలో సహరీకి అరగంట ముందు గానీ, రాత్రి భోజనమైన మూడు గంటలకు పడుకోబోయే ముందు గానీ వేసుకోవచ్చు. ఏ వేళ అన్నది ముందే డాక్టరును అడిగి, నెలంతా ఆ వేళకే వేసుకోవాలి.

ఇక ఆడపిల్లల తల్లులకు ఒక మాట. సంబంధాలు చూసేటప్పుడు పిల్ల జుట్టు పలచబడిందని కంగారుపడి మాత్ర మానిపించేవారున్నారు. అత్తవారికి తెలుస్తుందని సీసా దాచేవారూ ఉన్నారు. రేపు ఆ పిల్లకు నెల తప్పితే మాత్ర అవసరం తగ్గదు, పెరుగుతుంది. మొదటి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాక్సినే ఆధారం. నెల తప్పిన వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పలచబడిన జుట్టు కొంగు చాటున ఉంటుంది, ఆ లోటు ఏ కొంగు చాటునా దాగదు.

మా ఇంటావిడ మళ్లీ మాత్రలు మొదలుపెట్టిన ఆరో నెలకు నుదుటి మీద చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి. జడ ఒక రూపానికి రావడానికి ఏడాది దాటింది. మునుపటంత లావు లేదు, ఆ మాట ఆవిడే అంటుంది. అమ్మీ మాత్రం ఇప్పుడు పొయ్యి మీద చాయ్ పెట్టే ముందు రోజూ ఒకటే అడుగుతారు: "మాత్ర వేసుకున్నావా బేటీ?"