షూరిటీ సంతకం



ఏ చట్టం గురించి పాఠం చెప్పినా మా మాస్టారు రెండే రెండు ప్రశ్నలు అడిగేవారు. డబ్బు ఎవరి పెట్టెలోంచి వస్తోంది? సంతకం ఎవరు పెడుతున్నారు? ఆయన పేరిట మాట్లాడమని మీరు పిలిచినప్పుడు, అమెరికాలో మాజీ సైనికుల ఇంటి అప్పుల చరిత్ర తప్ప నాకు మరొకటి తోచలేదు. నేను ముప్ఫై ఏళ్లు తిరగేసిన కాగితాలవి. ఆ కథంతా మాస్టారి రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ విషయం ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా నాన్న రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చారు. తరువాత చాలా ఏళ్లకు ఇల్లు కట్టుకుందామని అప్పుకోసం వెళ్తే, ఒక బ్యాంకు మేనేజరు ఆయన డిశ్చార్జి పుస్తకాన్ని రెండు వేళ్లతో పక్కకు జరిపి, "ఇద్దరు గవర్నమెంటు ఉద్యోగుల్ని షూరిటీ తెచ్చుకోండి" అన్నాడట. గవర్నమెంటు కోసం ప్రాణం పెట్టడానికి వెళ్లినవాడికి గవర్నమెంటు గుమాస్తా పూచీ కావాలి! నాన్న ఆ మాట నవ్వుతూనే చెప్పేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఇక అమెరికాకు వస్తే, విప్లవయుద్ధం నాటి భూమి వారంట్లు, అంతర్యుద్ధం తరువాతి పింఛన్ల గొడవ మీకు తెలిసినవే. నిజం చెప్పాలంటే అవి నాకెప్పుడూ రుచించలేదు, దాటేస్తున్నాను. మొదటి ప్రపంచయుద్ధం సైనికులకు 1924లో బోనస్ మంజూరు చేసి 1945లో ఇస్తామన్నారు. కడుపు కాలినవాళ్లు 1932 వేసవిలో వాషింగ్టన్‌లో గుడిసెలు వేసుకుని కూర్చుంటే, జులై 28న జనరల్ మెకార్థర్ సైన్యం వచ్చి వాటిని తగలబెట్టింది. ఈ ముచ్చటకు అంత చాలు. ఒక్క కాలిఫోర్నియా దగ్గర మాత్రం క్షణం ఆగాలి. 1921లో ఆ రాష్ట్రం వేరే దారి పట్టింది: ప్రభుత్వమే ఇల్లో పొలమో కొని, సైనికుడికి వాయిదాల మీద అమ్మింది. పెట్టె ప్రభుత్వానిది, సంతకమూ ప్రభుత్వానిదే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక నాకిష్టమైన ఆరు నెలలకు వస్తాను. 1943 డిసెంబరు చివర, కాన్సాస్‌కు చెందిన లాయరు హ్యారీ కోల్మెరీ వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్లో కూర్చుని, హోటలు కాగితాల మీదే చేత్తో చిత్తుప్రతి రాశాడు. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్‌కు ఒకప్పుడు అధ్యక్షుడాయన. చదువు, నిరుద్యోగ భృతి, ఇంటికో పొలానికో వ్యాపారానికో అప్పు, అన్నీ ఒకే బిల్లులో పెట్టాడు. సెనేట్‌లో అడ్డు రాలేదు. ప్రతినిధుల సభలో మాజీ సైనికుల వ్యవహారాల కమిటీకి అధ్యక్షుడు మిసిసిపీకి చెందిన జాన్ రాంకిన్. వారానికి 20 డాలర్ల చొప్పున 52 వారాల భృతి ఆయనకు మింగుడుపడలేదు. తన రాష్ట్రంలో తిరిగొచ్చే నల్ల సైనికుడు పత్తిచేలకు పోకుండా ఇంట్లో కూర్చుంటాడని ఆయన బెంగ.

ఉభయ సభల సంప్రదింపుల కమిటీలో ప్రతినిధుల సభ వైపు ఓట్లు మూడూ మూడుగా చీలి బిల్లు ఆగిపోయింది. తగాదా ఇంటి అప్పు మీద కాదు, ఉద్యోగాలు చూపించే యంత్రాంగం ఎవరి చేతిలో ఉండాలన్నదాని మీద. ఏడో సభ్యుడు జాన్ గిబ్సన్ జబ్బుపడి జార్జియాలోని ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన ఓటు అధికారం రాంకిన్ దగ్గరే ఉన్నా వాడనన్నాడు. లీజియన్ వాళ్లు రాత్రికి రాత్రి గిబ్సన్‌ను వెతికి పట్టుకుని, కారులో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు, అక్కడినుంచి విమానంలో వాషింగ్టన్‌కు చేర్చారు. జూన్ 10 ఉదయం ఆయన ఓటేశాడు. జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు పెళ్లి ముహూర్తానికి పురోహితుణ్ణి మోటారు సైకిల్ మీద మోసుకొచ్చిన ఊరి కుర్రాళ్లు గుర్తొస్తారు.

సరే, అంత తంటాలు పడి తెచ్చిన చట్టం మూడో అధ్యాయంలో ఇంటి గురించి ఏమంది? ప్రభుత్వం ఒక్క డాలరు అప్పు ఇవ్వదు. అప్పు ఇచ్చేది బ్యాంకు. అందులో సగానికి, 2,000 డాలర్లు దాటకుండా, ప్రభుత్వం పూచీ పడుతుంది. వడ్డీ 4 శాతం మించరాదు, గడువు 20 ఏళ్లు. ఇంటి ధర "సహేతుకమైన సాధారణ విలువ"ను దాటకూడదని కూడా రాశారు. యుద్ధం ముగిసేసరికి ఇళ్ల ధరలు పైకెక్కి కూర్చున్నాయి. ఆ "సాధారణ" అన్న ఒక్కమాట పట్టుకుని ఎన్ని దరఖాస్తులు వెనక్కి పంపారో! 1945 డిసెంబరు సవరణలో ఆ మాట తీసేశారు. పూచీ 4,000కు, గడువు 25 ఏళ్లకు పెరిగాయి. అప్పుడు గేట్లు తెరుచుకున్నాయి. 1944 నుంచి 1952 దాకా దాదాపు 24 లక్షల ఇంటి అప్పులు. లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంప చేలల్లో లేచిన లెవిట్‌టౌన్‌లో ఇల్లు 7,990 డాలర్లు, మాజీ సైనికుడు ముందుగా చేతిసొమ్ము పెట్టనక్కర్లేదు. తెల్లవాడైతే! ఆ షరతు లెవిట్ కంపెనీ కాగితాల్లోనే ఉండేది.

ఇక్కడే నా పాత పేచీ. సభాధ్యక్షులు గడియారం చూడకుండా ఉంటే చెబుతాను. 2005లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఐరా కాట్జ్‌నెల్సన్ ఈ చట్టం తెల్లవాళ్లకు నిచ్చెన, నల్లవాళ్లకు గోడ అయిందన్నారు. సుజాన్ మెట్లర్ వృద్ధ సైనికులకు ప్రశ్నావళులు పంపి, మాట్లాడి, ఇది నల్లవాళ్లనూ కలుపుకొని పౌరజీవితంలోకి తెచ్చిందన్నారు. ఇరవై ఏళ్లుగా విద్యార్థులు ఏదో ఒక పక్షం చేరి కొట్టుకుంటున్నారు. నా మట్టుకు ఇద్దరూ చెరో అధ్యాయం చదివి చట్టమంతా చదివామన్నారు. చదువు అధ్యాయంలో ప్రభుత్వం ఫీజు నేరుగా కాలేజీకి కట్టింది. దక్షిణాదిలో నల్లవాళ్ల కాలేజీలు చాలలేదు, నిజమే, అయినా డబ్బు కదిలింది. అప్పుల అధ్యాయంలో ప్రభుత్వం షూరిటీ సంతకం పెట్టి బయట నిలబడింది. లోపల "ఇస్తాను, ఇవ్వను" అనేది ఊరి బ్యాంకరు. మెట్లర్‌కు దొరికింది మొదటిది, కాట్జ్‌నెల్సన్‌కు దొరికింది రెండోది.

ఇంకోటి. మిసిసిపీలో 1947లో 3,229 అప్పుల్లో రెండే నల్లవాళ్లకు దక్కాయన్న అంకె మీరు వినే ఉంటారు. ఇప్పుడది రాష్ట్రం మొత్తం ఇంటి అప్పుల లెక్కగా తిరుగుతోంది. అసలది ఎబొనీ పత్రిక 13 పట్టణాల్లో చేసిన సర్వే. అందులో ఇల్లు, వ్యాపారం, పొలం మూడు రకాల అప్పులూ ఉన్నాయి. చరిత్రకారుడు డేవిడ్ ఆంక్స్ట్ 1998లోనే ఆ సంగతి జాగ్రత్తగా రాశాడు. తరువాతివాళ్లు కత్తిరించుకుపోయారు. నేనిలా అంటే అన్యాయాన్ని తగ్గించి చూపుతున్నానని ఒక సదస్సులో నా మీద లేచారు. తగ్గించడమేమిటి? పొలానికీ కొట్టుకూ కూడా దక్కలేదంటే అన్యాయం ఇంకా వెడల్పయింది కదా! పైగా బ్యాంకు గడప దాకా రాకుండానే ఆగిపోయినవాళ్లున్నారు. నీలం కాగితం మీద డిశ్చార్జి పొందిన వేలమంది, గౌరవమూ అగౌరవమూ కాని వర్గం. వారిలో నల్లవాళ్లు సైన్యంలోని తమ వాటాకు మించి ఉన్నారు. స్వలింగ ప్రియులని పంపేసినవాళ్లూ ఉన్నారు. పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక 1945లో దాని మీద పెద్ద పోరాటమే చేసింది.

టైమైపోతోందని చీటీ వచ్చింది. మన్నించండి, మిగతా డెబ్భై ఏళ్లు పది నిమిషాల్లో. 1948లో సుప్రీంకోర్టు వర్ణాన్ని బట్టి ఇళ్లు అమ్మకుండా కట్టడి చేసే ఒప్పందాలను కోర్టులు అమలుచేయకూడదంది. 1950లో పూచీ 7,500కు పెరిగింది, యుద్ధంలో పోయినవారి భార్యలకూ హక్కు వచ్చింది. బ్యాంకులు వెళ్లని పల్లెలకు ప్రభుత్వమే నేరుగా అప్పిచ్చే పద్ధతి కూడా అప్పుడే మొదలు. అంటే కాలిఫోర్నియా దారి కొంచెం, వెనక గుమ్మంలోంచి. దీని మీద ఒక గంట మాట్లాడాలి, కుదరదు. 1966లో యుద్ధం లేనప్పుడు పనిచేసినవారికీ ఇచ్చారు. 1970లో హక్కుకు గడువు తీసేశారు. 1982లో అప్పు తీసుకునేవారి మీద రుసుము పెట్టారు. 1992లో రిజర్వు దళాలు చేరాయి. 2020 నుంచి పూర్తి హక్కున్నవారికి అప్పు మీద పరిమితి లేదు. మొత్తం అప్పులు రెండున్నర కోట్లు దాటాయి.

చివరిది చెప్పి దిగిపోతాను. 2021లో ప్రతినిధుల సభలో ఒక బిల్లు పెట్టారు. రెండో యుద్ధంలో పనిచేసిన నల్ల సైనికుల వారసులకు ఈ ఇంటి అప్పు హక్కు ఇవ్వాలని. దానికి పెట్టిన రెండు పేర్లలో ఒకటి ఐజాక్ వుడర్డ్‌ది. 1946 ఫిబ్రవరిలో డిశ్చార్జి అయిన కొన్ని గంటలకే, ఒంటి మీద యూనిఫారంతోనే, దక్షిణ కరొలైనాలో పోలీసుల దెబ్బలకు రెండు కళ్లూ పోగొట్టుకున్న సార్జెంటు. బిల్లు చట్టం కాలేదు. అయినా నేను దాని పాఠం మొదటినుంచి చివరిదాకా చదివాను, మాస్టారి రెండో ప్రశ్న పెట్టుకుని. పూచీ ప్రభుత్వానిదే. అప్పు అడగడానికి ఆ వారసుడు వెళ్లవలసింది మళ్లీ బ్యాంకుకే.