ఊక బూడిద, సున్నపురాయి

పట్టభద్రులైన మిత్రులారా,

నగర నిర్మాణం గురించి ఇవాళ చర్చంతా ఎత్తయిన టవర్లు, అద్దాల గోడలు, హరిత భవనాల సర్టిఫికెట్ల చుట్టూ తిరుగుతోంది. ఇంతకూ గోడలో ఏముందన్నది ఎవరూ అడగడం లేదు. ముందు అడగాల్సింది అదే. మన ప్రాంతాన్నే చూడండి. కోదాడకు దగ్గర్లో మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. మిర్యాలగూడలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యాన్ని ఆడించే రైస్ మిల్లులున్నాయి. 2016లో జిల్లా కేంద్రమైన సూర్యాపేట హైవే వెంట పెరుగుతోంది. మూడూ బస్సు దూరంలోనే ఉన్నా, ఒకదాని వ్యర్థం మరొకదానికి ముడిసరుకు కావచ్చన్న ఆలోచనే మనకు రాలేదు.

ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా 7 నుంచి 8 శాతం. అందులో సగానికి పైగా ఇంధనం వల్ల కాదు, సున్నపురాయి కాలి విడిపోవడం వల్ల వచ్చేది. ఫ్యాక్టరీకి ఎంత సోలార్ కరెంటు ఇచ్చినా ఆ భాగం తగ్గదు కాబట్టి, సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్‌ను తక్కువ వాడటం తప్పనిసరి. ఇక్కడే ఊక పనికొస్తుంది. 100 కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, అది బాయిలర్‌లో కాలితే 4 కిలోల బూడిద. అందులో 80 శాతానికి పైగా సిలికాయే. సరిగా కాలిన బూడిదను మెత్తగా నూరి కాంక్రీటులో కొంత సిమెంటుకు బదులుగా కలిపితే, సిమెంటు వదిలే సున్నంతో కలిసి గట్టిపడుతుంది, నీరు దిగే సందులు పూడుకుంటాయి.

మిల్లు బూడిదంతా ఒక తీరుగా ఉండదు, దాన్ని నమ్మి స్లాబ్ ఎలా వేస్తామని మీ తోటి ఇంజనీర్లే అడుగుతారు. ఆ మాటలో నిజముంది. మంట మరీ ఎక్కువైతే సిలికా స్ఫటికమై చురుకు పోతుంది, తక్కువైతే నల్లటి కార్బన్ మిగిలి నీళ్లు ఎక్కువ తాగుతుంది. కానీ మంటను అదుపు చేస్తే, బూడిదను పరీక్షించి వేరు చేస్తే ఈ లోపం తీరేదే. కాంక్రీటుకు మన దేశం పాటించే ఐఎస్ 456 ప్రమాణం 2000లోనే ఊక బూడిదకు చోటిచ్చింది. ఈ కాస్త బూడిదతో సిమెంటు అవసరమంతా తీరుతుందా అంటే తీరదు. ఏ ఒక్క పదార్థంతోనూ తీరదు గనకే ప్రతి ప్రాంతమూ తన దగ్గరున్నదాన్ని వెతుక్కోవాలి. ఇలా వెతకడం మనకు కొత్త కాదు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి గుళ్లు కట్టించిన రేచర్ల వంశం వారే 1213లో రామప్ప గుడినీ కట్టించారు. అక్కడ పైకప్పు బరువు తగ్గించడానికి నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. బరువు సమస్యకు పదార్థంలోనే జవాబు వెతికారు. మీరూ అలాగే వెతకండి. ఊక బూడిదతో మీ మొదటి పని స్లాబ్‌తో కాకపోయినా ఫ్లోరింగుతో, కాంపౌండ్ గోడతో మొదలుపెట్టండి. ఏ మిల్లు బూడిద ఎంత కలిపితే 28 రోజుల క్యూబ్ పరీక్షలో ఎంత బలం వచ్చిందో తెలుగులో రాసి, మేస్త్రి చేతికివ్వండి.