జలయాత్ర – జాగ్రత్తలు

మరిపెడ ప్రాంతమువారికి నీటి స్వభావము తెలియనిది కాదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన పురుషోత్తమాయగూడెం వంతెన వద్ద ఆకేరు పొంగి, ఒక కారును ఈడ్చుకొనిపోయి ఇద్దఱి ప్రాణములను హరించినది. ఎండకాలమున ఇసుక తేలియుండు ఏరే వానకాలమున అంత పని చేసినప్పుడు, గోదావరి మాట చెప్పనేల?

ఇచటినుండి ఖమ్మం మీదుగా భద్రాచలము పోయి, రాములవారిని దర్శించి, పోచవరములో లాంచి ఎక్కి పాపికొండలు చూచివచ్చుట మనవారికి ముచ్చటైన యాత్ర. ఆ ముచ్చటతోనే 2019 సెప్టెంబరు 15వ తేదీన వరంగల్లు సమీపమునగల కడిపికొండనుండి 14 మంది వెళ్ళిరి. వారు దేవీపట్నము వైపునుండి ఎక్కిన లాంచి కచ్చులూరు వద్ద మునిగినది. నాడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద. లాంచిలో 70 మందికి పైగా ఉండగా, బయటపడినవారు 26 మందే. సమీపమునగల గిరిజనులు నాటుపడవలలో వచ్చి వారిని ఒడ్డు చేర్చిరి. కొందఱు లైఫ్ జాకెట్లు విప్పివేసియుండిరని బ్రతికినవారు చెప్పిరి.

కావున మొదటి జాగ్రత్త ఒడ్డుననే తీసికొనవలెను. వరద ఉన్నచో ప్రయాణము మానుకొనవలెను. చెల్లించిన సొమ్ము పోయినను సంపాదించుకొనవచ్చును. జనము మించినచో ఎక్కరాదు. జాకెట్టు తాళ్ళు బిగించి, ఉక్కపోసినను, భోజనవేళయైనను, తిరిగి దిగువఱకు విప్పరాదు. పిల్లలకు వారి కొలతకు సరిపడునదే వేయవలెను. అందఱును ఒక్క ప్రక్కకు చేరి ఫొటోలు తీసికొనుట ప్రమాదకరము.

ఇక ఆరోగ్యము. కాచి చల్లార్చిన నీరు వెంట ఉంచుకొని, వేడిగా వండినదే భుజింపవలెను. విరేచనములు పట్టుకొన్నచో లీటరు శుభ్రమైన నీటిలో ఆఱు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగా త్రాగించుచు వైద్యుని చూపవలెను. రక్తపోటు, మధుమేహము కలవారు మందులను చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. ఏజెన్సీలో రాత్రి బస చేయువారికి దోమతెర అవసరము. తిరిగివచ్చిన నెలదినములలో జ్వరము తగిలినచో, ఎచటికి వెళ్ళివచ్చిరో వైద్యునకు చెప్పి మలేరియా పరీక్ష చేయించుకొనవలెను.

విశాఖపట్టణమునుండి విహారనౌకలు సముద్రముపై సాగిన రోజులివి. విదేశములలోని బిడ్డలు తల్లిదండ్రులను పెద్ద ఓడలలో త్రిప్పుటయు కలదు. వేలమంది ఒకేచోట భుజించు ఓడలో వాంతులు, విరేచనములు త్వరగా వ్యాపించును. వాటిని కలిగించు నోరోవైరసునకు చేతికి పూసికొను ద్రవములు చాలవు, సబ్బుతో కడుగుకొనుటయే మేలు. కడుపులో త్రిప్పినచో ఓడ నడుమ కూర్చుండి, దూరమున ఆకాశము నీటిని తాకు రేఖను చూడవలెను. ఓడ సిబ్బంది చేయించు ప్రమాద అభ్యాసమును తప్పింపరాదు. 2012 జనవరి 13న ఇటలీ తీరమున కోస్టా కాంకోర్డియా ఓడ ఒరిగి 32 మంది మరణించిరి. నాడే ఎక్కిన అనేకులకు ఆ అభ్యాసము ఇంకను జరుగలేదు.

యాత్రనుండి తెచ్చుకొనదగినవి ఎన్నియో ఉండవచ్చును. కాని వెళ్ళినవారందఱు క్షేమముగా ఇల్లు చేరుటయే అన్నింటికన్న ముఖ్యము.