పాలిథీనుకు అంటు కట్టుట



గోగునారను, పాలిథీనును కరగించి కలిపి పలకలు పోయవచ్చునా అని మీలో కొందరు అడుగుచున్నారు. కలపవచ్చును. కాని కలిసినంత మాత్రమున ఆ రెండును అంటుకొనవు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

నారలో ముఖ్యభాగము సెల్యులోజు. దాని అణువు పొడవునా ఉన్న ఆమ్లజని, ఉదజని జంటలు నీటిని పట్టుకొనును. పాలిథీనులో కర్బనము, ఉదజని తప్ప వేరేమియు లేవు. దానిమీద నీరు తామరాకుపై బొట్టే. ఇట్టివాటిని ఊరక కలిపినచో నడుమ సన్నని సందులు మిగులును. బరువు పడినప్పుడు నార ఊడివచ్చును. వానకు నీరు సందులవెంట పోయి పలక ఉబ్బును.

దీనికి రసాయన శాస్త్రజ్ఞుల ఉపాయము మీ తోటలోనిదే. నాటు మామిడికి మంచిరకపు కొమ్మను అంటు కట్టెదరు గదా! అట్లే కరగిన పాలిథీనుకు మలేయిక్ అన్‌హైడ్రైడ్ అను పదార్థమును అంటు కట్టుదురు. కొంచెము పెరాక్సైడ్ వేసినచో అది పాలిథీను గొలుసునుండి ఉదజనిని లాగివేయును. ఆ గాటు పడినచోట మలేయిక్ కుదురుకొనును. పెరాక్సైడ్ మోతాదు మించినచో గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి ముద్ద సరిగా పారదు. పలకకంతకు ఈ అంటుపాలిథీనే అక్కరలేదు. బరువులో నూటికి 2 నుండి 5 పాళ్లు సాధారణముగా చాలును. దాని మలేయిక్ భాగము నారను పట్టును, గొలుసు పాలిథీనులో కలిసిపోవును.

ఇక మీ చేతిలోని పని. తడి ఉన్నచో మలేయిక్ నారను వదలి నీటితోనే కలియును. ఆవిరి పలకలో బుడగలు చేయును. చేతికి ఎండినట్లు తోచు నారలో కూడ నూటికి పది పాళ్ల వరకు తేమ దాగియుండును. కర్మాగారములో మరల ఆరబెట్టుదురు; అయినను బాగుగా ఎండి, మట్టి లేక, వాన తగులని చోట ఉంచిన నారనే పంపవలెను. ఈ పాలిథీను 130 డిగ్రీల దగ్గర కరగును. 200 దాటినచో నార మాడును.

ఇది ఇంటి పెరటిలో చేయు పని కాదు. మలేయిక్ ఆవిరి కళ్లను, ఊపిరితిత్తులను మండించును. పెరాక్సైడ్ వేడికి ప్రేలవచ్చును. పురుగుమందు డబ్బాలను కరగించుట మరియు ప్రమాదము.

పశువుల కొట్టమునకు ఇట్టి పలకలు కొనదలచినచో, రెండు చోట్లనుండి ఒకే కొలత ముక్కలు తెచ్చి తూచవలెను. ఒక దినము నీటిలో ఉంచి, తుడిచి, మరల తూచవలెను. నార పాలు రెంటిలో ఒకటే అయినప్పుడు, ఎక్కువ నీరు త్రాగిన పలకలో అంటు సరిగా కుదరలేదని అనుమానింపవచ్చును. కోసిన అంచు ఉబ్బినదేమో కూడ వేలితో తడిమి చూడుడు.